వైఫై పెట్టె ఎవరి చేతిలో ఉంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటి వైఫై భద్రత గురించి నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నలలో కొన్నింటిని ఎంచుకుని ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒక విషయం దాదాపు అన్ని ఉత్తరాలలోనూ కనిపించింది. రౌటర్‌ను గోడకు బిగించిన మనిషి ఆ రోజు ఏ పాస్‌వర్డ్ పెట్టి వెళ్లాడో, ఏళ్లు గడిచినా అదే నడుస్తోంది. ఇంటివారెవరూ ఆ పెట్టె లోపలి అమరికలను ఒక్కసారైనా తెరిచి చూడలేదు. నా దృష్టిలో ఇంటి వైఫైకి ఉన్న అసలు ప్రమాదం ఇదే. అందుకే మొదటి ప్రశ్నకు కొంత విస్తారంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. రెండేళ్ల క్రితం కేబుల్ ఆపరేటర్ పంపిన అబ్బాయి ఫైబర్ కనెక్షన్ ఇచ్చి, మా వారి సెల్ నంబరునే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్లాడు. ఈ మధ్య రాత్రి ఎనిమిది దాటితే ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోంది. పక్కింటి పిల్లలు వాడుకుంటున్నారేమోనని అనుమానంగా ఉంది. వాళ్లను నేరుగా అడిగితే బాగుండదు. ఎవరు వాడుతున్నారో తెలుసుకునే మార్గం ఉందా? – ఒక గృహిణి, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: ముందుగా ఒక మాట చెప్పాలమ్మా. రాత్రిపూట వేగం తగ్గినంత మాత్రాన పక్కింటివారిని అనుమానించనక్కరలేదు. ఆ వేళకు వీధి వీధంతా సినిమాలు, క్రికెట్టు చూస్తూ ఉంటుంది కనుక ఆపరేటర్ నుంచి వచ్చే లైనులోనే రద్దీ పెరుగుతుంది. పైగా ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట పది రౌటర్లు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో మాట్లాడుకుంటూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. రౌటర్‌లోనే వైఫైని కాసేపు ఆపేసి, ఒక కంప్యూటర్‌ను మాత్రం వైరుతో రౌటర్‌కు కలిపి ఆ సమయంలోనే వేగం కొలిచి చూడండి. అప్పుడు కూడా తక్కువగానే ఉంటే లోపం లైనులో ఉండే అవకాశమే ఎక్కువ. ఆ సంగతి ఆపరేటర్‌తో తేల్చుకోవాలి.

ఇక ఎవరెవరు కలిసి ఉన్నారో చూడడం. మీ ఫోను ఇంటి వైఫైకి కలిసి ఉన్నప్పుడు వైఫై సెట్టింగులలో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే వచ్చే వివరాలలో ‘గేట్‌వే’ లేదా ‘రౌటర్’ అనే చోట ఒక చిరునామా ఉంటుంది. మన ఇళ్లలో అది చాలావరకు 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. బ్రౌజర్‌లో ఆ అంకెలు టైపు చేస్తే రౌటర్ పేజీ తెరుచుకుని యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. రౌటర్ అడుగు భాగాన అంటించిన చీటీ మీద సాధారణంగా ఆ రెండూ ఉంటాయి. లోపలికి వెళ్లాక, కలిసి ఉన్న పరికరాల జాబితా ఒకచోట కనిపిస్తుంది. అయితే ఆ జాబితాను చూసి వెంటనే ఒక నిర్ణయానికి రాకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్యను దాచి, ప్రతి నెట్‌వర్క్‌కూ వేరొక సంఖ్యను కల్పించుకుని చెబుతున్నాయి. అందువల్ల మీ అబ్బాయి ఫోనే జాబితాలో పేరు లేని అపరిచితుడిలా కనిపించవచ్చు.

కనుక జాబితా చూసి ఎవరినీ వెతకవద్దు, పాస్‌వర్డ్ మార్చండి. మార్చిన మరుక్షణం అందరూ తెగిపోతారు, తరువాత మీరు చెప్పినవారు మాత్రమే తిరిగి కలుస్తారు. పక్కింటివారితో మాటా మాటా పెరిగే అవసరం కూడా ఉండదు.

పాస్‌వర్డ్‌గా సెల్ నంబరు ఎందుకు పనికిరాదో ఇక్కడే వివరిస్తాను, ఎందుకంటే మన ఊళ్లలో ఈ అలవాటు చాలా ఎక్కువ. మీ వారి నంబరు వీధిలో అందరికీ తెలుసన్నది ఒక కారణం. తెలియనివారికి కూడా అది పెద్ద అడ్డంకి కాకపోవడం రెండో కారణం. ఒక ఫోను రౌటర్‌కు కలిసేటప్పుడు రెండింటి మధ్య నాలుగు చిన్న సందేశాలు నడుస్తాయి. ఇంటి బయట నిలబడి ఆ సందేశాలను పట్టి నిల్వ చేసుకున్నవాడు, ఆ తరువాత మీ ఇంటి ఛాయలకు రానక్కరలేదు. తన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క పాస్‌వర్డ్‌నూ ఊహించి, అది ఆ సందేశాలతో సరిపోతుందో లేదో పరీక్షించుకోవచ్చు. ఎన్నిసార్లు తప్పినా మీ రౌటర్‌కు తెలియదు. మన దేశంలో సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కనుక, ఉండగల పదంకెల నంబర్లన్నీ కలిపినా 400 కోట్లకు మించవు. ఆటలకోసం కొనే మంచి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు సెకనుకు కొన్ని లక్షల పాస్‌వర్డ్‌లను పరీక్షించగలదు. ఆ వేగంతో లెక్కవేస్తే ఆ 400 కోట్లు కొన్ని గంటల పని మాత్రమే.

దీనికి విరుగుడు పొడవైన పాస్‌వర్డ్. నియమం ప్రకారం వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు. ఆ అవకాశాన్ని మనం వాడుకోవాలి. తెలుగు నిఘంటువును కళ్లు మూసుకుని అయిదుచోట్ల తెరిచి, దొరికిన అయిదు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాయండి. గంప, మేఘం, ఏతం, నిచ్చెన, బెల్లం – ఇలాంటి, ఒకదానితో ఒకటి పొంతన లేని మాటలు. (ఇక్కడ అచ్చయింది కనుక ఈ వరుసను మాత్రం ఎవరూ వాడవద్దు.) అయిదువేల మాటల నుంచి అయిదింటిని అలా యాదృచ్ఛికంగా తీసుకుంటే, సెకనుకు పది లక్షల చొప్పున పరీక్షించేవాడికి కూడా అన్నీ చూసి ముగించడానికి సుమారు లక్ష ఏళ్లు పడుతుంది. సినిమా పాట పల్లవి, పద్యపాదం, కొడుకు పేరు పక్కన పుట్టిన సంవత్సరం వంటివి ఎంత పొడవుగా ఉన్నా పెట్టకండి. ఊహించేవాడు మొదట ప్రయత్నించేది అవే.

ఇంకా ముఖ్యమైన పని ఒకటి మిగిలింది. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ పేజీని తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. మొదటిది మార్చిన చాలామంది రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. ఇల్లు కట్టిన మేస్త్రీ దగ్గర తాళంచెవి ఉండగానే గృహప్రవేశం చేసుకున్నట్టుంటుంది ఆ పరిస్థితి. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అని ఉన్న రౌటర్‌లోకి, ఒకసారి మీ వైఫైకి కలిసిన వారెవరైనా వెళ్లి మీ కొత్త పాస్‌వర్డ్‌ను చదువుకోవచ్చు. కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కూడా మార్చి, రెండింటినీ ఇంటి దస్తావేజులు పెట్టే చోట ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. కాగితం మీద రాయకూడదని కొందరు చెబుతారు గాని, ఇంటి బీరువాలోకి చేయి పెట్టగల మనిషి వల్ల కలిగే ప్రమాదం, బయటివాడు ఊహించగల బలహీనమైన పాస్‌వర్డ్ వల్ల కలిగే ప్రమాదం కంటే చాలా తక్కువ.

ప్రశ్న: మా మేనల్లుడు వచ్చినప్పుడు మా వైఫై పేరు బయటకు కనిపించకుండా దాచిపెట్టాడు. మా ఇంటి ఫోన్ల గుర్తింపు సంఖ్యలు మాత్రమే అనుమతించేలా ఒక జాబితా కూడా తయారుచేశాడు. ఇక ఎవరూ లోపలికి రాలేరని చెప్పాడు. ఆ మాట నిజమేనా? రౌటర్‌లో కనిపించే డబ్ల్యుపిఎ2, డబ్ల్యుపిఎ3 వంటి పేర్లలో దేనిని ఎంచుకోవాలి? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, లాయరుపేట, ఒంగోలు

జవాబు: మీ మేనల్లుడు శ్రద్ధగానే చేశారు మాస్టారూ, కాని ఆ రెండు ఏర్పాట్లూ మామూలు మనుషులను తప్ప, రావాలనుకున్నవారిని ఆపలేవు. పేరు దాచిన నెట్‌వర్క్‌కు మీ ఫోను కలిసే ప్రతిసారీ ఆ పేరును గాలిలో పైకి చెప్పవలసి వస్తుంది. వినే సాధనం ఉన్నవారు వింటారు. అంతేకాక, దాచిన పేరు గల నెట్‌వర్క్‌ను గుర్తుపెట్టుకున్న ఫోను, మీరు బజారుకు వెళ్లినా బస్టాండుకు వెళ్లినా ‘ఫలానా నెట్‌వర్క్ ఇక్కడ ఉందా’ అని ఆ పేరు పెట్టి అడుగుతూ తిరిగే అవకాశం ఉంది. దాచడం వల్ల పేరు ఇంకా ఎక్కువ చోట్లకు పాకుతుందన్నమాట. అనుమతి జాబితా సంగతి కూడా అంతే. పరికరాల మ్యాక్ అనే గుర్తింపు సంఖ్యలు సంకేత భాషలోకి మారకుండానే గాలిలో ప్రయాణిస్తాయి, వాటిని విని, తన పరికరానికి అదే సంఖ్య పెట్టుకోవడం కష్టమైన పని కాదు. ఫోన్లు తమ సంఖ్యను మార్చుకుంటున్న ఈ రోజుల్లో ఆ జాబితా మీకే ఇబ్బంది తెచ్చిపెడుతుంది. రెండింటినీ తీసివేయమనే నా సలహా.

అసలు రక్షణ మీరు చివరన అడిగిన పేర్లలోనే ఉంది. వైఫైతోపాటు పుట్టిన మొదటి రక్షణ విధానం డబ్ల్యుఇపి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షామిర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దాని సంకేత నిర్మాణంలోని లోపాన్ని బయటపెట్టారు. 2007 నాటికి జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు దానిని ఒక్క నిమిషంలోపే ఛేదించి చూపారు. మధ్యలో 2003లో తాత్కాలిక ఏర్పాటుగా డబ్ల్యుపిఎ వచ్చింది, 2004లో డబ్ల్యుపిఎ2 వచ్చింది. ఈనాడు మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది ఈ డబ్ల్యుపిఎ2. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ ఇందులో కూడా ఒక లోపాన్ని కనుగొన్నారు గాని, ఫోన్లు, కంప్యూటర్ల తయారీదారులు అప్‌డేట్ల ద్వారా దానిని సరిచేశారు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోను ఇంట్లో ఉంటే ఆలోచించవలసింది దాని గురించే. 2018లో వచ్చిన డబ్ల్యుపిఎ3 గొప్పతనం ఏమిటంటే, పై జవాబులో చెప్పినట్లు సందేశాలను పట్టుకుపోయి తీరికగా కూర్చుని పాస్‌వర్డ్ ఊహించే పద్ధతి అక్కడ చెల్లదు. ప్రతి ఊహకూ రౌటర్‌ను అడిగి తీరాలి.

మీ రౌటర్‌లో డబ్ల్యుపిఎ2, డబ్ల్యుపిఎ3 కలిపి ఉన్న ఎంపిక కనిపిస్తే దానిని తీసుకోండి. లేకపోతే డబ్ల్యుపిఎ2 తీసుకుని, పక్కన ఏఈఎస్, టికెఐపి అని రెండు పేర్లు అడిగితే ఏఈఎస్ ఒక్కటే ఉంచండి. డబ్ల్యుఇపి తప్ప మరొకటి లేని రౌటర్ అయితే దాని కాలం తీరినట్లే, మార్చేయండి.

ఆ పేజీలోనే డబ్ల్యుపిఎస్ అనే మరొక సదుపాయం ఉంటుంది. బటన్ నొక్కి గాని, ఎనిమిది అంకెల పిన్ చెప్పి గాని పరికరాలను సులభంగా కలపడం కోసం దీనిని పెట్టారు. ఎనిమిది అంకెలంటే కోట్ల అవకాశాలు అనిపిస్తుంది. కాని రౌటర్ ఆ పిన్‌ను రెండు సగాలుగా విడదీసి, మొదటి నాలుగంకెలు సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది. చివరి అంకె మిగిలిన ఏడింటిని బట్టి లెక్కకట్టేదే తప్ప రహస్యం కాదు. దానితో మొదటి సగానికి 10,000, రెండో సగానికి 1,000 కలిపి 11,000 ప్రయత్నాలలో ఎవరైనా తలుపు తీయగలరని 2011 డిసెంబరులో బయటపడింది. మీ పాస్‌వర్డ్ ఎంత పొడవైనదైనా ఈ పక్క తలుపు తెరిచి ఉంటే ప్రయోజనం లేదు. డబ్ల్యుపిఎస్ ఆపివేయండి.

ప్రశ్న: కావలిలో మాకు మిద్దె మీద మూడు వాటాలు ఉన్నాయి, అద్దెకు ఇచ్చాము. అద్దెలోనే వైఫై కూడా కలిపి ఇస్తున్నాము. చదువుకునే పిల్లలు చేరుతూ, ఖాళీ చేస్తూ ఉంటారు. పాస్‌వర్డ్ క్యూఆర్ కోడ్‌ను మెట్ల దగ్గర అంటించాము. ఇందులో మాకేమైనా ఇబ్బంది ఉందా? – ఒక ఇంటి యజమాని, కావలి

జవాబు: ఇబ్బంది ఉంది, అది వేగానికి సంబంధించినది మాత్రమే కాదు. కనెక్షన్ మీ పేరు మీద, మీ ఆధార్ మీద ఉంది. ఆ కనెక్షన్ నుంచి ఎవరు ఏ పని చేసినా, బయటి ప్రపంచానికి కనిపించే ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య, మీది. పోలీసులు దర్యాప్తు మొదలుపెడితే ముందు వచ్చేది మీ గుమ్మానికే.

ఇది ఊహించి చెబుతున్న సంగతి కాదు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరగడానికి కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈమెయిలు వెళ్లింది. దర్యాప్తు అధికారులు ఐపీ చిరునామాను పట్టుకుని వెళితే అది నవీ ముంబైలో నివసిస్తున్న ఒక అమెరికా పౌరుడి ఇంటికి చేరింది. ఆయన వైఫైకి రక్షణ లేకపోవడం వల్ల ఇతరులు దానిని వాడుకున్నారు. తనకు సంబంధం లేని నేరం విషయంలో ఆయన విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. మరొకరి నెట్‌వర్క్‌లోకి అనుమతి లేకుండా చొరబడడం సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది, దురుద్దేశంతో చేస్తే మూడేళ్ల వరకు జైలు లేదా అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాని మీ విషయంలో అనుమతి మీరే ఇచ్చారు, పైగా మెట్ల దగ్గర అంటించారు. కూరగాయల మనిషి దగ్గర నుంచి కొరియర్ అబ్బాయి దాకా ఎవరైనా ఆ కాగితాన్ని ఫోటో తీసుకోవచ్చు. క్యూఆర్ కోడ్‌లో పాస్‌వర్డ్ రహస్యంగా ఉండదు. ఏ స్కానర్‌తో చదివినా అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. ముందు దానిని తీసివేయండి.

నా అభిప్రాయం అడిగితే, ఒక్కో వాటాకు వారి పేరుమీదనే వేరే కనెక్షన్ పెట్టించుకోమనడం అన్నిటికంటే మంచిది. అద్దెలో ఆ మేరకు తగ్గించి ఇచ్చినా మీకే లాభం. అది కుదరని పక్షంలో రౌటర్‌లో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనే సదుపాయాన్ని తెరవండి. ఒకే రౌటర్ నుంచి రెండు పేర్లతో వైఫై వస్తుంది. అద్దెకున్నవారు గెస్ట్ పేరుతో కలుస్తారు. వారికి ఇంటర్నెట్ అందుతుంది గాని, మీ ఇంట్లోని కంప్యూటర్, టీవీ, ప్రింటర్, కెమెరా వారికి కనిపించవు. గెస్ట్ నెట్‌వర్క్ నుంచి రౌటర్ పేజీ తెరుచుకోకుండా చూసుకోండి, చాలా రౌటర్లలో అది మొదటి నుంచే అలా ఉంటుంది. వేగానికి పరిమితి పెట్టే వీలు ఉంటే అదీ పెట్టండి. ఒక వాటా ఖాళీ అయిన రోజునే గెస్ట్ పాస్‌వర్డ్ మార్చండి. మిగిలిన వాటాలవారు కొంత విసుక్కుంటారు. కరెంటు మీటరు రీడింగు రాసుకుని లెక్క తేల్చేటప్పుడే ఈ పని కూడా ముగించండి, రెండూ ఒకేసారి అయిపోతాయి. అయితే ఒక సంగతి మరువకండి: గెస్ట్ నెట్‌వర్క్ మీ పరికరాలను కాపాడుతుందే గాని, బయటకు కనిపించే ఐపీ చిరునామా అప్పటికీ మీదే. ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో అద్దె ఒప్పందాలు, గుర్తింపు పత్రాల నకళ్లు భద్రంగా ఉంచుకోండి.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. రాత్రిపూట నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతే తెలియడానికి, మేత, మోటార్లు దొంగతనం కాకుండా చూడడానికి నాలుగు వైఫై కెమెరాలు పెట్టించాము. ఒంగోలు ఇంటి నుంచి ఫోనులో చూస్తూ ఉంటాము. ఇంట్లో కూడా అలాంటి కెమెరానే ఒకటి ఉంది. వీటిని బయటివారు చూడగలరా? – ఒక ఆక్వా రైతు

జవాబు: కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్‌ను మీరు మార్చకపోతే చూడగలరు. ఈ విషయంలో ప్రపంచానికి పెద్ద పాఠం 2016లో ఎదురైంది. మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో తిరుగుతూ, కనిపించిన ప్రతి కెమెరాకూ, రౌటర్‌కూ తయారీదారులు పెట్టే అరవై చిల్లర పాస్‌వర్డ్‌లను వరుసగా చెప్పి చూసింది. అంతకు మించిన తెలివి దానికి అవసరం కాలేదు. అలా లక్షల పరికరాలు దాని వశమయ్యాయి. ఆ ఏడాది అక్టోబరు 21న వాటిలో ఎన్నో కలిసి, వెబ్‌సైట్లు ఏ సర్వర్‌లో ఉన్నాయో చెప్పే డైన్ అనే సంస్థ సర్వర్ల మీద ఒక్కసారిగా పడడంతో, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ కెమెరాల యజమానులకు తమ పరికరాలు ఈ పనిలో ఉన్నట్లు తెలియనే తెలియదు, ఎందుకంటే కెమెరా చిత్రం ఎప్పటిలాగే వస్తూ ఉంటుంది.

మీరు చేయవలసినవి ఇవి. ప్రతి కెమెరాకూ విడి పాస్‌వర్డ్ పెట్టండి. ఆప్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఉంటే తెరవండి. కెమెరాలు బిగించినవారు తమ ఫోనులో కూడా ఆ ఖాతాను ఉంచుకోవడం పరిపాటి. ‘రిపేరు వస్తే చూడడానికి’ అంటారు. ఆప్‌లో ఎవరెవరితో పంచుకున్నారో చూపే చోటు ఉంటుంది, దానిని తెరిచి మీవి కాని ఖాతాలను తొలగించండి. అవసరం పడిన రోజున మళ్లీ ఇవ్వవచ్చు. రౌటర్‌లో బయటి నుంచి అడ్మిన్ పేజీ తెరిచే సదుపాయాన్నీ, యుపిఎన్‌పి అనే అమరికనూ ఆపండి. రెండోది తెరిచి ఉంటే లోపలి కెమెరా మీకు చెప్పకుండానే బయటికి దారి తెరుచుకోగలదు. ఈనాటి కెమెరాలు చాలావరకు కంపెనీ సర్వర్ ద్వారా ఫోనుకు చిత్రాన్ని పంపుతాయి కనుక ఇవి ఆపినా మీకు చూడడంలో ఆటంకం రాదు. ఎవరైనా బయటి నుంచి కెమెరాకు నేరుగా దారి ఇచ్చే ‘పోర్ట్ ఫార్వార్డింగ్’ చేసి పెట్టి ఉంటే అదీ తీయించండి.

ఇంట్లోని కెమెరాను గెస్ట్ నెట్‌వర్క్‌కు మార్చండి. అది వశం తప్పినా మీ ల్యాప్‌టాప్ దాకా పాకదు. పడకగదిలో, పూజగదిలో కెమెరా పెట్టకపోవడమే మంచిది. కొత్తవి కొనేటప్పుడు పేరూ ఊరూ లేని చౌక రకాన్ని వదిలి, అప్‌డేట్లు ఇస్తున్న సంస్థ వస్తువునే తీసుకోండి. సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. దుకాణంలో ఆ ధ్రువీకరణ గురించి అడగండి. గుంటల దగ్గర సమస్య మరొకటి ఉంది. చుట్టూ అడ్డంకి లేని బయలు కనుక 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గట్లు దాటి చాలా దూరం పోతుంది. అక్కడి రౌటర్ ప్రసార శక్తిని కెమెరాలకు సరిపోయినంతకు తగ్గించి, పెట్టెను కాపలా షెడ్డులో తాళం వేసిన అరలో ఉంచండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంత బలమైనదైనా, చేతికి అందే పెట్టె మీది రీసెట్ బటన్ ముందు నిలవదు.

మీ పరికరాలలో ఇటువంటి ప్రోగ్రాములు చేరాయన్న అనుమానం ఉంటే, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017 నుంచి నడుపుతున్న సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో కంప్యూటర్లకు, ఫోన్లకు ఉచిత సాధనాలు దొరుకుతాయి. కెమెరా, రౌటర్ల విషయంలో మాత్రం కరెంటు తీసి పెట్టి, అప్‌డేట్ చేసి, పాస్‌వర్డ్ మార్చడమే మార్గం. మిరాయ్ వంటిది కరెంటు తీయగానే చెరిగిపోతుంది గాని, పాత పాస్‌వర్డ్ అలాగే ఉంటే నిమిషాలలో తిరిగి వస్తుంది.

ప్రశ్న: మా వైఫైకి ఎవరైనా దొంగచాటుగా కలిస్తే మా యుపిఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ వారికి కనిపిస్తాయా? – ఒక డిగ్రీ విద్యార్థిని, మార్కాపురం

జవాబు: నేరుగా కనిపించవు. బ్యాంకు ఆప్‌లు, యుపిఐ ఆప్‌లు, తాళం గుర్తు ఉన్న వెబ్‌సైట్లు మీ ఫోనులోనే సమాచారాన్ని సంకేతాలుగా మార్చి పంపుతాయి. మధ్యలో వైఫైని వింటున్నవారికి మీరు ఏ సంస్థతో మాట్లాడుతున్నారో తెలియవచ్చు గాని, ఏమి మాట్లాడుతున్నారో తెలియదు.

భయపడవలసిన దారి వేరే ఉంది. చొరబడినవాడు రౌటర్ అడ్మిన్ పేజీలోకి వెళ్లి డిఎన్ఎస్ చిరునామాను మార్చగలడు. వెబ్‌సైటు పేరు టైపు చేసినప్పుడు అది ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది డిఎన్ఎస్. అక్కడ అబద్ధం చెప్పే సర్వర్‌ను పెడితే, పేరు సరిగానే టైపు చేసినా మీరు నకిలీ పేజీకి చేరతారు. అటువంటప్పుడు చాలావరకు బ్రౌజర్ ‘ఈ సైటు సురక్షితం కాదు’ అని ఆపి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటి ముందుకు నొక్కకూడదు, ముఖ్యంగా బ్యాంకు పేజీ విషయంలో. వైఫై ఆపి, సెల్ డేటాతో అదే పేజీని తెరిచి చూడండి. అప్పుడు హెచ్చరిక రాకపోతే రౌటర్‌ను అనుమానించి, డిఎన్ఎస్ అమరికను ఆపరేటర్ చేత పరీక్ష చేయించండి.

బ్యాంకు మోసాలలో ఎక్కువ భాగం వైఫై ద్వారా కాక, ఫోను చేసి ఓటీపీ చెప్పించుకోవడం, లింకు పంపి ఆప్ ఎక్కించడం ద్వారా జరుగుతున్నాయి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: రాత్రి పడుకునేటప్పుడు రౌటర్ ఆపివేస్తే భద్రమా? – కనిగిరి

జవాబు: ఆపి ఉన్న పెట్టెలోకి ఎవరూ రాలేరు, ఆ మేరకు భద్రమే. కాని కొన్ని రౌటర్లు అర్ధరాత్రి దాటాక అప్‌డేట్లు తీసుకుంటాయి. పాస్‌వర్డ్‌లు సరిగా ఉంటే ఆపవలసిన అవసరం లేదు.

ప్రశ్న: రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఏమిటో మాకు తెలియదు. బిగించిన అబ్బాయి ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. వెనకాల ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయవచ్చా? – ఒక చిల్లర దుకాణదారుడు, కందుకూరు

జవాబు: చేయవచ్చు, కాని ముందు ఆపరేటర్ ఆఫీసుకు ఫోను చేయకుండా చేయవద్దు. ఫైబర్ రౌటర్‌ను రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డ్‌తోపాటు, ఇంటర్నెట్ రావడానికి ఆపరేటర్ పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్, లైను వివరాలు కూడా చెరిగిపోతాయి. ఆదివారం సాయంత్రం ఆ పని చేసి, సోమవారం మధ్యాహ్నం దాకా దుకాణంలో ఫోన్‌పే సౌండ్ బాక్సు మోగక అవస్థ పడినవారు ఉన్నారు.

ఆపరేటర్‌కు ఫోను చేసినప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పమని అడగండి. కనెక్షన్ మీది, అడగడంలో తప్పు లేదు. కొన్ని కంపెనీలు పూర్తి అధికారాలు గల ఖాతాను తమ దగ్గరే ఉంచుకుని, ఇంటివారికి పరిమితమైన ఖాతా ఇస్తాయి. ఆ పరిమితమైన ఖాతాతో కూడా వైఫై పేరు, పాస్‌వర్డ్, గెస్ట్ నెట్‌వర్క్ మార్చుకోవచ్చు, మీకు అది చాలు. వారు ఏ ఖాతా వివరాలూ ఇవ్వబోమని అంటే, మనిషిని పంపమని చెప్పి, ఆయన మీ ఎదుటనే మార్చేలా చూడండి. కొత్త పాస్‌వర్డ్‌ను టైపు చేసేటప్పుడు ఫోను మీరే చేతిలోకి తీసుకోండి.

రీసెట్ చేయక తప్పకపోతే లైను వివరాలను ముందుగా రాయించుకుని, రౌటర్ వెలిగి ఉండగా బటన్‌ను దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగే వరకు, సుమారు పది సెకన్లు, నొక్కి పట్టుకోండి. ఆ తరువాత పెట్టె చీటీ మీద ఉన్న పాత పేరు, పాస్‌వర్డ్‌లతో తిరిగి మొదలవుతుంది. అప్పటికి ఫైబర్ వైరు తీసే ఉంచి, మీ ఫోను ఒక్కదానినే కలిపి, ముందు అడ్మిన్ పాస్‌వర్డ్, తరువాత వైఫై పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యుపిఎస్ ఆపి, అప్పుడు మాత్రమే వైరు పెట్టి లైను వివరాలు నింపండి. ఫైబర్ వైరు తీసేటప్పుడు, పెట్టేటప్పుడు మొన వంచకండి, వేలితో తాకకండి. దాని మీద దుమ్ము పడితే లైను రాదు. దుకాణంలోని సౌండ్ బాక్సు, బిల్లింగు కంప్యూటర్ వైఫై మీద నడుస్తూ ఉంటే వాటికి కూడా కొత్త పాస్‌వర్డ్ చెప్పవలసి ఉంటుంది.